ఆదిశేషమ్మ గోడ

ఉదయగిరి కొండ కింద, ఆత్మకూరుకు పోయే బండ్లబాట వారన ఉన్న ఊళ్ళో, గొర్రెల కాపరి ఆదెయ్య ఇంట్లో తెల్లారిందంటే ముందు జరిగే పని దొడ్డి తడిక తీయడం. తీసేది ఆయన భార్య ఆదిశేషమ్మ. జీవాలు ఒక్కొక్కటే బయటికొస్తుంటే వీపు మీద చెయ్యేసి, కుంటేదేదో, దగ్గేదేదో, ఈనబోయేదేదో చూసి వదిలేది. వెనకాలే కోడలు ఓబమ్మ పెంట ఊడ్చి గంపకెత్తేది. కొడుకు మాల్యాద్రి కంబళి భుజాన వేసుకుని మంద వెంట నడిచేవాడు. ఆదెయ్య అరుగు మీద చుట్ట వెలిగించి, ఈ ముగ్గురి పనిలో తప్పులు వెతికేవాడు. ఎవరి పని వాళ్ళకుండాలి గదా.

నెలకోసారి ఈ వరస తప్పేది. తడిక దగ్గర ఆదిశేషమ్మ ఉన్నట్టుండి ఆగిపోయి ఎడమకన్ను నులుముకునేది. "లేస్తా ఉండాది," అనేది. ఆ మాట వినగానే బయట పనున్నవాళ్ళు బయటికి, లోపల పనున్నవాళ్ళు లోపలికి గబగబా సర్దుకునేవాళ్ళు. చూస్తుండగానే ఆమె ఎడమచేతి వైపు గోడ లేచేది.

పైన కొండ మీద కోటగోడ ఉంది. అట్లాంటిదే ఇదీ, కాకపోతే రాతిది కాదు, వెలుగుది. మనిషెత్తున కొడవలిలా వంగి, పైఅంచున పళ్ళు పళ్ళుగా, తెల్లగా మెరుస్తూ ఉండేది. అవతలివాళ్ళు కనబడతారు, మాటలు వినబడతాయి, దాటడానికి మాత్రం లేదు. చెయ్యి పెడితే చల్లగా గట్టిగా తగిలేది. దారిలో ఎవరైనా అడ్డముంటే వాళ్ళను మెల్లగా ఒక పక్కకు జరిపి, తన చోట తాను నిలబడేది. బాట మీద బండ్లవాళ్ళు ఎద్దులను ఆపి, "ఆదిశేషమ్మ గోడ లేచినట్టుండాది," అనుకుని చుట్టలు ముట్టించేవాళ్ళు. ఒకసారి కోడి ఇవతల, పిల్లలు అవతల చిక్కి, గోడ పోయేదాకా ఆ కోడి చేసిన గోల ఊరు చాన్నాళ్ళు చెప్పుకుంది. రెండు చుట్టలు కాలేలోగా గోడ దానంతటదే పోయేది.

గోడ పోయాక ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. ఆదిశేషమ్మకు అప్పుడు మొదలయ్యేది. కుడి కణతలో పుట్టి, కంటి వెనకకు పాకి, మెడ దాకా పట్టేసేది నొప్పి. వెలుతురు చూడలేకపోయేది, మాట వినలేకపోయేది, తాగిన నీళ్ళు కూడా కక్కేసేది. చీకటి గదిలో తలకు గుడ్డ బిగించుకుని పడుకుంటే ఓబమ్మ శొంఠి అరగదీసి పట్టేసి, రెండు బొటనవేళ్ళతో కణత వొత్తేది. వొత్తేవాళ్ళు చాలామందే ఉంటారు. నొప్పి ఎక్కడ కూర్చుందో తెలిసిన వేళ్ళు మాత్రం ఓబమ్మవే. కాపరానికి వచ్చిన ఏడాదే ఆ పిల్లకు ఆ చోటు దొరికింది. "ఆడే," అని ఆదిశేషమ్మ అనేది. ఆ ఒక్క మాటతో అత్తాకోడళ్ళ మధ్య ఉండాల్సిన కొట్లాటలన్నీ వాయిదా పడిపోయాయి.

గోడ లేచిన మర్నాడో, ఆ పైరోజో ఆదిశేషమ్మ దూరంగా కూర్చునేది. ఆడమనిషి ఎప్పుడు దూరంగా ఉందో ఇంటివాళ్ళకు తెలిస్తే చాలు. ఈమె సంగతి మాత్రం గోడ ఊరంతటికీ చాటేది. పెళ్ళయిన కొత్తలో సిగ్గుతో చచ్చిపోయింది. పోనుపోను నొప్పి ముందు సిగ్గు నిలవలేదు. అంతకంటే కష్టం ఇంకొకటి. దూరంగా కూర్చున్నాక ఆమెను ఎవరూ తాకడానికి లేదు. నొప్పి మిగిలి ఉంటే పెరట్లో ఒక మూల తల పట్టుకుని ఆమె, గడపలో చేతులు ముడుచుకుని ఓబమ్మ, ఒకరినొకరు చూసుకుంటూ గడిపేవాళ్ళు.

ధాత నామ సంవత్సరంలో కరువు వచ్చింది. ఆ ఏడు చినుకు లేదు, దాని వెనక వచ్చిన ఈశ్వర సంవత్సరంలో సగం దాకా లేదు. బలుసాకు అయిపోయింది, తుమ్మకాయలు అయిపోయాయి, ముళ్ళు కాల్చి నాగజెముడు పండ్లు తిన్నారు. ఆకలికి గోడ తరచుగా లేచేది. ఒకరోజు పక్క ఊరి మనుషులు మిగిలిన నాలుగు జీవాలను తోలుకుపోవడానికి కర్రలతో వస్తే గోడ అడ్డం లేచింది. వాళ్ళు కాసేపు దానికి ఆనుకుని కూర్చుని, లేవడానికి ఓపిక చాలకపోయినా ఎట్లాగో లేచి, వెళ్ళిపోయారు. ఊరంతా గోడను మెచ్చుకుంది. గోడ ఊరిది, నొప్పి ఆమెది.

ఆ కరువులోనే ఆదిశేషమ్మకు ముట్లు నిలిచిపోయాయి. వయసు ఐదు పదులకు దగ్గరపడుతోంది, నిలవాల్సిన కాలమే. అయితే ఆ నెలల్లోనే కోడలికీ నిలిచిపోయింది. తిండి లేదు, కట్టెకు చర్మం చుట్టినట్టు ఉంది పిల్ల. అప్పుడు ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. బతికి ఉండటమే పెద్ద పని.

ఈశ్వరలో ఆలస్యంగా వానలు పడ్డాయి. సజ్జలు పండాయి, కొండ పచ్చబడింది. ఆదిశేషమ్మ ఒంట్లో మాత్రం వేరే కరువు నడిచింది. చలికాలంలో కూర్చున్నచోటే రొమ్ముల మీంచి ఆవిరి పుట్టి ముఖానికెక్కేది, రవిక తడిసి ముద్దయ్యేది. నిద్ర లేదు. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. గోడ కూడా వేళాపాళా లేకుండా లేచేది. ఒకరోజు మోకాలెత్తున లేచి నొప్పి లేకుండా పోయేది, ఇంకోరోజు గోడ లేకుండానే నొప్పి వచ్చేది. చివరికి రెండూ ఆగిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆమె ముసుగు లేకుండా ఎండలోకి వచ్చి నిలబడింది. ఏమీ కాలేదు. మిగతా జనం తలలు ఇంత తేలిగ్గా ఉంటాయా అనుకుంది. తన పదమూడో ఏటి నుంచి మోస్తున్న బరువు ఎవరో దించినట్టయి, అక్కడే తడిక పట్టుకుని కాసేపు ఏడ్చింది.

మరుసటి ఏడు, బహుధాన్య ఉగాది వెళ్ళిన వారానికి ఆదెయ్య అక్క పిచ్చమ్మ బండి కట్టుకుని ఆత్మకూరు పక్క నుంచి దిగింది. ఆమె చెడ్డది కాదు. కరువులో మొగుడు పోతే, ఒంటిచేత్తో మందను సోమశిల దగ్గర పెన్న ఇసకలోకి తోలుకుపోయి, చెలమలు తవ్వి నీళ్ళు తాపి బతికించుకున్న మనిషి. బతికించినదాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు ఒక లెక్క ఉంది. సంగటి తిని చెయ్యి కడుక్కుంటూనే ఆ సంగతి ఎత్తింది.

"తమ్ముడా, నా పిల్ల ఎదిగుండాది. జీవాల్లో సగం దాని వెంట పంపిస్తా. మాల్యాద్రికి చేసుకో."

"వాడికి పెళ్ళాముండాది గదక్కా," అన్నాడు ఆదెయ్య ఆరిపోయిన చుట్టను పీలుస్తూ.

"ఉండి ఏం లాభం? అత్తకూ కోడలికీ ఒక్కసారే నిలిచిపోయిందని ఊరంతా చెప్పుకుంటా ఉండారు. నీ పెళ్ళానికి నిలిస్తే సరే. ఇరవై ఏళ్ళ పిల్లకు నిలిచిందంటే కడుపు మూసుకపోయినట్టే. రేపు నీ దొడ్డి తడిక తీసేదెవురు?"

ఆదిశేషమ్మ గడపలోంచి అంది. "నాది వయసు వదినా. దానిది ఆకలి. రెండూ ఒకటి గాదు."

"వానలు పడి ఎన్నాళ్ళాయె? నువ్వు తింటా ఉండావు, నేను తింటా ఉండాను, అదీ తింటా ఉండాది. ఆకలైతే ఈపాటికి తీరేది."

అదీ తింటూనే ఉందా? ఆదిశేషమ్మ లోపల కుండలు కడుగుతున్న ఓబమ్మ మోచేతుల వైపు చూసింది. అందరికీ పెట్టాక అడుగున మిగిలింది గీక్కుని తినే పిల్ల. ఇన్నాళ్ళూ ఆ సంగతి తన కంటబడలేదు. అత్తగా అది తన తప్పేనని ఆమెకు తెలిసింది.

"మరి దీన్నేం చేస్తాం?" అన్నాడు ఆదెయ్య. ఒప్పుకున్నాడని ఆ అడగడంలోనే తెలిసిపోయింది.

ఓబమ్మ పుట్టిల్లు సీతారామపురం. అమ్మా నాయనా కరువులో పోయారు, అన్న ఎటు పోయాడో తెలియదు. దానికీ పిచ్చమ్మ దగ్గర దారి ఉంది. సముద్రం వారన కాలవ తవ్వే పనికి ఆత్మకూరు నుంచి జనం పోతున్నారు, వాళ్ళతో పంపితే కూలి దొరుకుతుంది, గంజి పోస్తారు. ఈ ఊరి నుంచి ఆ పనికి పోయినవాళ్ళలో ఒక్కరూ తిరిగిరాలేదు. వాంతిభేదికి పోయారని కొందరు, ఓడలెక్కారని కొందరు అనుకునేవాళ్ళు. ఆ మాట పిచ్చమ్మ ఎత్తలేదు, ఆదెయ్య అడగలేదు.

మాల్యాద్రి అన్నీ విన్నాడు. అతను నోరు లేనివాడు. నోరు లేకపోవడమే మంచితనమని ఊరు అనుకునేది, అతనూ అట్లాగే అనుకున్నాడు. లేచి దొడ్డిలోకి పోయి, ఈనబోయే బొల్లి గొర్రె పక్కన కూర్చున్నాడు. కరువులో ఆ గొర్రె చూలు కట్టకపోతే కోతకు అడగడానికి వచ్చినవాడితో, "కరువులో యే గొర్రె కడతాది? వాన పడి మేత తింటే అదే కడతాది," అని తిప్పి పంపింది అతనే.

మర్నాడు పొద్దెక్కాక బండి అని తేలింది. ఆదిశేషమ్మ ఆ పొద్దున నోట్లో మెతుకు వేసుకోలేదు. ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి, నడివాకిట్లో పెట్టి, ముసుగు తీసి దాని ముందు కూర్చుంది. పక్కన నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసింది. నీళ్ళలో ఎండ కళ్ళలోకి సూదుల్లా కొడుతుంటే రెప్ప వేయకుండా చూసింది. ఏవేవి తన తలకు పడవో ముప్ఫై ఏళ్ళకు పైగా నేర్చుకున్న మనిషి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి పిలుస్తోంది.

"ఎండన ఏందే అట్లా? తల నొస్తాది," అంది పిచ్చమ్మ బండెక్కుతూ.

"నొయ్యనీ," అంది ఆదిశేషమ్మ.

ఆదెయ్య మందను తోలుకుని ముందే బయటపడ్డాడు. చూడలేడు, ఆపలేడు. ఓబమ్మ చిన్న మూటతో వచ్చి అత్త కాళ్ళకు దండం పెట్టింది. ఆదిశేషమ్మ తాంబాళం మీంచి చూపు తిప్పలేదు. ఓబమ్మ అది కోపమనుకుని ఏడుస్తూ బండి వెనక ఎక్కింది. బండివాడు ఎద్దులను అదిలించాడు.

ఆదిశేషమ్మ ఎడమకన్ను నులుముకుంది.

గోడ లేచింది. బండి వెనక కూర్చున్న ఓబమ్మను మూటతో సహా కిందికి జరిపి, వాకిట్లో నిలబెట్టింది. బండీ, పిచ్చమ్మా అవతల ఉండిపోయారు. ఎప్పుడూ కొడవలిలా వంగి ఒక పక్క తెరిచి ఉండే గోడ ఈసారి పోతూ పోతూ ఇంటిని చుట్టి, దొడ్డిని చుట్టి, వచ్చి తన మొదటి కొసను తాను కలుసుకుంది. లోపల ఆదిశేషమ్మ, ఓబమ్మ, దొడ్డిలో మాల్యాద్రి, బొల్లి.

బండివాడు చుట్ట ముట్టించాడు. అది అయిపోయింది. రెండోది అయిపోయింది. మూడోది పిచ్చమ్మ అడిగి తీసుకుంది. గోడ పోలేదు.

"ఎక్కి దూకమ్మే!" అని అరిచింది పిచ్చమ్మ. ఓబమ్మ కదలలేదు. బండివాడు ఇవతలికి ఎక్కబోతే గోడ ఇంకో మూర పెరిగింది. పొరుగింటి రాఘవమ్మ గోడ పళ్ళ సందులోంచి కుండెడు నీళ్ళు అందిస్తే మాత్రం ఊరుకుంది. సాయంత్రం ఆదెయ్య మందతో వచ్చి, గోడ అవతల నుంచి తన అరుగును చూసి నిట్టూర్చి, రాఘవమ్మ ఇంటి చూరు కింద పడుకున్నాడు.

మర్నాడు ఎండ ముదిరే వేళకు గోడ పళ్ళు మసకబారాయి. ఆదిశేషమ్మ మళ్ళీ తాంబాళం ముందు కూర్చుంది. పళ్ళు మెరిశాయి. అప్పుడు అర్థమైంది ఓబమ్మకు. పరుగున వచ్చి తాంబాళం లాగేయబోయింది.

"వద్దత్తా. నేను పోతా. ఇంత గోడకు ఎంత నొప్పి వస్తాదో నీకు తెలీదా? చచ్చిపోతావు."

"నోరు మూసుకో. పొయ్యి మీద గంజి ఉండాది, పోయి తాగు."

"నువ్వు తాగకుండానా?"

"నాకు ఆకలుంటేనే గోడుంటాది. నీకు లేకపోతేనే ఇల్లుంటాది. తాగు."

ఆ రోజు నుంచి ఆదిశేషమ్మ ముందు కోడలికి పెట్టింది. కొడుకుకు తర్వాత పెట్టింది. ఆమెకు గోడ నిలిచినన్నాళ్ళు ఏదైనా సగమే కనబడేది. ఓబమ్మ ముఖంలో ఒక కన్ను, కొడుకులో ఒక భుజం. మిగతా సగం వెలుగే. ఆ వెలుగు వెనక నొప్పి పోగుపడుతోందని ఆమెకు తెలుసు. భయమేసేది. భయమేసినప్పుడల్లా ఓబమ్మ తింటున్న చప్పుడు వినేది.

అట్లా ఉండగా ఒక సాయంత్రం బొల్లి ఈనింది. బలమైన పిల్ల. మాల్యాద్రి గడ్డితో దాన్ని తుడిచి, తల్లి మూతి దగ్గర పెట్టి, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"చెప్తినా అమ్మా! ఆకలికి కట్టకపోతే గొడ్డుపోయిందంటిరి గదా అందరూ. మేత తిన్నాక కట్టిందా లేదా?"

ఆదిశేషమ్మ ముర్రుపాలు పిండుతూ తలెత్తకుండా అంది. "గొర్రెకైతే ఎంత బాగా తెలుస్తాదిరా నాయనా నీకు."

మాల్యాద్రి చేతిలో గడ్డి అట్లాగే ఉండిపోయింది. ఆదిశేషమ్మ పాలు తీసుకుపోయి జున్ను కాచి ఓబమ్మ ముందు పెట్టింది. అతను దొడ్డిలోంచి చాలాసేపు అటే చూశాడు. తర్వాత వాకిలి దాటి గోడ దగ్గరికి పోయాడు. అవతల పిచ్చమ్మ బండి చక్రానికి ఆనుకుని కూర్చుని ఉంది.

"అత్తా, పొద్దున్నే బండి కట్టించుకో."

"గోడ పోయినాకే పోతాంలేరా."

"గోడ పోయినా ఓబమ్మ రాదు. మీ పిల్లకు వేరే సంబంధం చూడు. నేనే వచ్చి చూస్తా, మేనబావగా."

పిచ్చమ్మ తమ్ముడి వైపు చూసింది. ఆదెయ్య కొడుకు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఎప్పుడూ విననట్టు నోరు తెరుచుకుని ఉన్నాడు. తెల్లారాక ఎద్దుల మెడల్లో గంటలు ఆత్మకూరు వైపు పోవడం గోడలోంచి వినబడింది. నోరు ఉండటం కూడా మంచితనమేనని ఆ ఊరికి అప్పుడే తెలిసింది.

పిచ్చమ్మ పోయినా ఆదిశేషమ్మ తాంబాళం వదల్లేదు. ఇంకొకటి చూడాలని ఉంది ఆమెకు. ఒక ఉదయం ఓబమ్మ పెంట ఊడుస్తూ ఊడుస్తూ చీపురు వదిలేసి, చీర కుచ్చెళ్ళు చూసుకుని, ఎర్రబడిన ముఖంతో దొడ్డి మూలకు పోయి కూర్చుంది.

"అత్తా," అంది అక్కణ్ణుంచే.

ఆదిశేషమ్మ తాంబాళంలో నీళ్ళు పారబోసింది. గోడ మెల్లగా మసకబారి, నేలలోకి ఇంకిపోయింది. ఆమెకు ఓబమ్మ ముఖం పూర్తిగా కనబడింది, రెండు కళ్ళతో, ఏడుపుతో, నవ్వుతో. ఎంత బాగుంది పిల్ల అనుకుంది. ఆపైన నొప్పి వచ్చింది.

ఇన్ని రోజుల గోడకు తగిన నొప్పి. ఆమెను చీకటి గదిలోకి మోసుకుపోయారు. రాఘవమ్మ శొంఠి పట్టేసి వొత్తింది, వేళ్ళు ఎక్కడెక్కడో పడ్డాయి. ఆదెయ్య తన అరుగు తనకు దక్కినా దాని మీద కూర్చోలేకపోయాడు. దొడ్డి మూలలో ఓబమ్మ అత్త మూలుగు వింటూ, చేతులు రెండూ చంకల్లో బిగించుకుని అటూ ఇటూ ఊగింది. తాకడానికి లేదు.

మధ్యాహ్నం దాకా ఓర్చుకుని ఆదిశేషమ్మ పిలిచింది. "ఓబీ."

"దూరంగా ఉండానత్తా," అంది ఓబమ్మ ఏడుస్తూ.

"తెలుసు. దానికోసరమే గదా నేను ఎండన కూర్చున్నది. రా."

రాఘవమ్మ లేచి బయటికి వచ్చింది. ఆదెయ్య కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. మాల్యాద్రి భుజం మీది కంబళి తీసి, ఓబమ్మ గడప దాటగానే, వెలుతురు పడకుండా వాకిలికి అడ్డంగా కట్టాడు.

లోపల చీకట్లో రెండు బొటనవేళ్ళు తడుముకుంటూ వచ్చి కుడి కణత మీద ఆగాయి.

"ఆడే," అంది ఆదిశేషమ్మ.